పడమట పొడిచిన పొద్దు

చేపల కొట్టు ఇల్లాలు ఒకామె సభలో లేచి నాలుగు మాటలు మాట్లాడింది. ఏడాదిన్నర తిరగకముందే మూడు కోట్లమందికి పైగా సంతకాలు చేశారు. ఆ మాటల వెనుక ఒక వేట పడవ ఉంది. కొవ్వాడ నుంచి చింతపల్లి దాకా మన గంగపుత్రులంతా తెలుసుకోవలసిన పడవ అది.

1954 మార్చి 1. ఇంకా చీకటి వీడలేదు. పసిఫిక్ మహాసముద్రంలో, మార్షల్ దీవుల దగ్గర ఒక చెక్క పడవ అలల మీద ఊగుతోంది. పేరు దైగో ఫుకుర్యు మారు. జపాన్‌లోని యైజు రేవు నుంచి జనవరి 22న వేటకు బయలుదేరింది. అందులో 23 మంది ఉన్నారు. ఎక్కువమంది పాతికేళ్లు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లే.

ఆ వేట మొదటి నుంచీ కలిసిరాలేదు. మిడ్‌వే దీవి వైపు వెళ్తే గేలాల తాళ్లు చాలా మటుకు తెగిపోయాయి. వట్టి చేతులతో ఇంటికి పోలేక పడవను దక్షిణానికి తిప్పారు. వాళ్లు వెతికేది ట్యూనా కోసం. మన మరపడవల వాళ్లు సూర అంటారు. ఆ రోజు చీకట్లోనే గేలాలు వదిలి, మళ్లీ లాగే వేళ దాకా నడుం వాల్చారు.

20 ఏళ్ల మతాషిచి ఓయిషి లోపల పడుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి గదిలోకి పసుపుపచ్చటి వెలుతురు వచ్చి పడింది. ఏమిటో తెలియక పైకి పరుగెత్తాడు. పడమటి ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు మండుతోంది. పడమట పొద్దు పొడిచిందని ఎవరో అరిచారు. ఏడెనిమిది నిమిషాలు గడిచాయి. అప్పుడు వచ్చింది చప్పుడు, సముద్రం అడుగున ఏదో పగిలినట్టు. పడవంతా అదిరింది. నిలబడ్డవాళ్లు బల్లల మీద బోర్లా పడ్డారు.

వెలుగుకూ చప్పుడుకూ మధ్య పోయిన సమయాన్ని బట్టి దూరం లెక్క కట్టారు. అటువైపు సుమారు 160 కిలోమీటర్లలో బికినీ దీవి ఉంది. అమెరికా అక్కడ బాంబులు పేల్చి చూస్తుందని, ఫలానా హద్దు దాటి రావద్దని చెప్పిందని వాళ్లకు తెలుసు. పడవ ఆ హద్దుకు వెలుపలే ఉంది. తప్పు చేసినవాళ్లు ఎవరూ ఆ పడవలో లేరు.

సున్నం రాలిన పొద్దు

వాళ్లు చూసింది ‘బ్రేవో’ అనే హైడ్రోజన్ బాంబును. దాని బలం ఆరు మెగాటన్నులు ఉండవచ్చని తయారుచేసినవాళ్లు లెక్కవేశారు. పేలింది 15 మెగాటన్నులు, హిరోషిమా బాంబుకు ఇంచుమించు వెయ్యి రెట్లు. బాంబులో వాడిన లిథియంలో ఒక రకం ఊరికే పడి ఉంటుందని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. అది కూడా మంటలో చేయి కలిపింది. పేల్చింది పగడపు దిబ్బ మీద. పగడం కాలితే మిగిలేది సున్నం. లక్షల టన్నుల పగడం పొడై, అణుధూళిని అంటించుకుని ఆకాశానికి లేచింది. పైగాలి దాన్ని తూర్పుకు తోసింది. తూర్పున ఉన్నది మనుషులు.

రెండు మూడు గంటలకు పడవ మీద తెల్లటి పొడి రాలడం మొదలైంది. తిరగలి చుట్టూ లేచే పిండిలా అది వాళ్ల జుట్టులో, మెడ మడతల్లో, కనురెప్పల మీద పేరుకుంది. నడిస్తే బల్లల మీద అడుగుల ముద్రలు పడ్డాయి. ఏమిటో తెలుసుకుందామని నాలుకకు తగిలించుకున్న వాళ్లూ ఉన్నారు. వాసన లేదు, వేడి లేదు. గేలాలు వదిలేసి పారిపోతే యజమానికి ఏం సమాధానం చెప్పాలి? తాళ్లన్నీ లాగేసరికి గంటలు పట్టింది. అంతసేపూ ఆ పొడిలోనే ఒళ్లు వంచారు.

సాయంత్రానికి తల తిరుగుడు, వాంతులు. రెండు మూడు రోజులకు పొడి తగిలిన చోటల్లా బొబ్బలు లేచాయి. వారం దాటాక జుట్టు చేతికి ఊడి వచ్చింది.

ఆ సున్నం వాళ్ల ఒక్కరి మీదే పడలేదు. రాంగెలాప్ దీవిలో పిల్లలు దానితో ఆడుకున్నారు. అమెరికా సైన్యం వచ్చి ఆ దీవివాసులను తరలించేసరికి రెండు రోజులు దాటిపోయింది.

రేడియో ఎందుకు పలకలేదు

పడవలో రేడియో ఉంది. పలికించేవాడు 39 ఏళ్ల ఐకిచి కుబోయామా. ఆయన ఇంటికి కబురు పంపలేదు. విమానాలు గానీ ఓడలు గానీ కనబడితే చెప్పమని తోటివాళ్లకు మాత్రం చెప్పాడు. చూడకూడనిది చూశాం, మనం ఇక్కడున్నట్టు తెలిస్తే పట్టుకుపోతారు, లేదా ముంచేస్తారు అన్నది ఆయన భయం.

ఆ భయం మన తీరానికి కొత్త కాదు. మన ఊళ్లలో పని చాలక వేల మంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ గస్తీ ఓడలకు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర గేటు దాటి వచ్చేదాకా డి.మత్స్యలేశంలో ఆడవాళ్లు ఎక్కని గడప లేదు. నీళ్ల మీద గీత కనబడదు, గీత గీసినవాడు మాత్రం కనబడతాడు. కుబోయామా మౌనం ఎంత బరువైనదో ఈ ఊళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

మార్చి 14న పడవ యైజు చేరింది. ఒళ్లంతా నల్లబడి, తలలు బోడిగా దిగుతున్న కుర్రాళ్లను చూసి రేవు విస్తుపోయింది. మార్చి 16న యోమియురి పత్రిక వార్త వేసింది. అప్పటికే ఆ పడవ చేపలు రైలెక్కి ఊరూరికీ వెళ్లిపోయాయి.

చేపకు జడిసిన దేశం

టోక్యోలోని త్సుకిజి అప్పట్లో అతి పెద్ద చేపల బజారు. అక్కడికి చేరిన ట్యూనా మీద కొలిచే యంత్రం పెడితే టకటకా మోగింది. చేపలను బజారు ఆవరణలోనే గొయ్యి తీసి పాతిపెట్టారు. ఆ తరువాత రేవుకొచ్చే ప్రతి పడవనూ కొలిచారు. ఏడాది చివరికి 850కి పైగా పడవల చేపల్లో అణుధూళి బయటపడింది. దాదాపు 485 టన్నుల చేపను పారబోశారు. మే నెలలో వానలోనూ అణుధార్మికత కనబడింది.

అప్పట్లో జపాన్‌లో అన్నం తరువాత చేపే తిండి. చేప కొనేవాళ్లు లేక రేవులు వెలవెలబోయాయి. వేటగాడికి కూలి లేదు, బజారువాడికి బేరం లేదు.

అమెరికా అణుశక్తి సంఘం అధ్యక్షుడు లూయిస్ స్ట్రాస్ ఆ పడవ హద్దు లోపలికే వచ్చి ఉంటుందన్నాడు. ఆ బూడిదలో ఏముందో జపాన్ వైద్యులకు చెప్పడానికి అమెరికా ఒప్పుకోలేదు. టోక్యో విశ్వవిద్యాలయంలో కెంజిరో కిమురా బృందం రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని విడగొట్టి, అందులోని యురేనియం-237ను పట్టుకుంది. కత్సుకో సరుహాషి అనే యువ రసాయన శాస్త్రజ్ఞురాలు సముద్రపు నీటిలో అణుధూళిని కొలిచే పనికి దిగింది. తరువాతి కాలంలో అమెరికా వెళ్లి, వాళ్ల ప్రయోగశాలలోనే తన కొలతలు సరైనవని నిరూపించింది.

లేచి నిలబడిన ఇల్లాలు

టోక్యో నగరంలో సుగినామి ఒక పేట. ఉద్యోగస్తులు, చిన్న వ్యాపారులు ఉండే చోటు. అక్కడి చేపల వ్యాపారులు ముందుగా తమంతట తామే సంతకాలు పోగుచేయడం మొదలుపెట్టారు.

ఏప్రిల్ 16న ఆ పేట ప్రజాభవనంలో మహిళల సభ జరిగింది. ఉపన్యాసం ముగిసింది. ఒకామె లేచింది. పేరు తొమికో సుగవారా. చేపల కొట్టు నడిపే ఇంటి ఇల్లాలు. బాంబు పరీక్షల వల్ల తమ బేరం కూలిపోయిందని, చేపల వాళ్లం సంతకాలు పెడుతున్నామని, ఇది మా ఒక్కరి గొడవ కాదు కాబట్టి మీరూ ఆలోచించాలని ఆమె అడిగింది. సభలో ఉన్న ఆడవాళ్లకు ఆ మాట సూటిగా తగిలింది. రేపు పొద్దున పిల్లలకు కంచంలో ఏం పెట్టాలన్నది ప్రతి ఇంటి ప్రశ్నే కదా.

ఆ ప్రజాభవనానికి అధిపతి కావోరు యాసుయి అంతర్జాతీయ న్యాయం చదివిన పండితుడు. పేటలోని ఆడవాళ్లను కూర్చోబెట్టి సమాజం గురించిన పుస్తకాలు చదివిస్తున్నాడు. చదివిన చదువుకు ఇప్పుడు పని దొరికింది. మే 9న సుగినామి పిలుపు వెలువడింది. పార్టీ రంగు అంటకూడదన్నది మొదటి నియమం. ఏ ఒక్క దేశాన్నీ శత్రువుగా నిలబెట్టకూడదు, హైడ్రోజన్ బాంబునే శత్రువుగా చూడాలి. పిలుపు అన్ని దేశాల ప్రభుత్వాలకూ ప్రజలకూ చేరాలి.

ఇల్లాళ్లు కాగితాలు పట్టుకుని గడప గడపకూ వెళ్లారు. చంటిపిల్లలను వీపున కట్టుకుని వెళ్లినవాళ్లున్నారు. ఆ పేట జనాభా నాలుగు లక్షల లోపే. రెండు నెలలు తిరిగేసరికి రెండున్నర లక్షల పైచిలుకు సంతకాలు చేరాయి. పక్క పేటలు అందుకున్నాయి. పల్లెలు, గనులు, బడులు, గుళ్లు అందుకున్నాయి. ఆగస్టులో దేశమంతటికీ ఒక సంఘం ఏర్పడింది. ఏడాది చివరికి రెండు కోట్లు, 1955 ఆగస్టుకు మూడు కోట్ల ఇరవై లక్షలు. అప్పటి జపాన్ జనాభా తొమ్మిది కోట్ల లోపు. పసివాళ్లతో సహా లెక్కవేసినా ముగ్గురిలో ఒకరికి పైగా ఆ కాగితాల మీద ఉన్నారు.

ఇంత కోపం అంతవరకు ఎక్కడ దాగింది? హిరోషిమా, నాగసాకి మీద బాంబులు పడి తొమ్మిదేళ్లయింది. 1952 దాకా జపాన్‌ను ఏలిన అమెరికా సైన్యం ఆ బాంబుల దెబ్బ గురించి రాయనివ్వలేదు. బతికి బయటపడ్డ వాళ్లు కాలిన మొహాలు దాచుకుని బతికారు. జబ్బు అంటుతుందేమోనని పెళ్లిళ్లు తప్పించారు, పనులివ్వలేదు. ట్యూనా చేప ఆ మూసిన తలుపు తెరిచింది.

ఆఖరి మనిషి కావాలన్న కోరిక

23 మందినీ టోక్యో ఆసుపత్రులకు చేర్చారు. కుబోయామా కాలేయం దెబ్బతింది. 1954 సెప్టెంబరు 23న, 40 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. అణుబాంబుకు బలైన ఆఖరి మనిషిని తానే కావాలని కోరుకున్నాడు. రక్తం ఎక్కించినప్పుడు సోకిన కామెర్లే కారణమని అమెరికా వైపు వాదించారు. ఆయనకు సోకినది అణుధూళి జబ్బేనని జపాన్ వైద్యులు చెప్పారు. 1955 జనవరిలో అమెరికా తప్పు ఒప్పుకోకుండానే 20 లక్షల డాలర్లు ఇచ్చి వ్యవహారం ముగించింది. మిగిలిన 22 మంది ఏడాదికి పైగా ఆసుపత్రిలోనే గడిపారు.

ఓయిషి ఇంటికి వెళ్లాడు గానీ ఊళ్లో నిలవలేకపోయాడు. పరిహారం డబ్బు వచ్చిందన్న అసూయ ఒకవైపు, రోగం ఉందన్న వెలి మరోవైపు. టోక్యో జనంలో కలిసిపోయి బట్టలుతికే దుకాణం పెట్టుకున్నాడు. మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టింది. తోటివాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే నోరు కట్టుకుని ఉండిపోయాడు. 1983లో బడిపిల్లలు అడిగితే మొదటిసారి నోరు విప్పాడు. 2021లో, 87 ఏళ్ల వయసులో పోయేదాకా ఊరూరా పిల్లలకు చెబుతూనే ఉన్నాడు.

పడవకూ దిక్కులేని రోజులొచ్చాయి. పనికిరాదని టోక్యో చెత్తదిబ్బ దగ్గర వదిలేశారు. 1968లో ఒక యువ ఉద్యోగి దాన్ని కాపాడాలని అసాహి పత్రికకు ఉత్తరం రాశాడు. జనం చందాలు పోగుచేశారు. 1976 నుంచి అదే చోట కట్టిన ప్రదర్శనశాలలో ఆ పడవ నిలిచి ఉంది.

సంతకాలు ఏం సాధించాయి

1955 ఆగస్టు 6న హిరోషిమాలో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. దాక్కుని బతికిన బాధితులు వేదికెక్కి మాట్లాడారు. 1956 ఆగస్టు 10న నాగసాకిలో వాళ్లే నిహోన్ హిదాంక్యో అనే సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది బాధితుల వైద్యానికి చట్టం వచ్చింది. 1963లో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలు ఆపాలన్న ఒప్పందం మీద అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ సంతకం చేశాయి. పరీక్షలు భూమి అడుగుకు వెళ్లాయే తప్ప ఆగలేదు. ఉద్యమం కూడా అప్పుడే చీలింది. సోవియట్ బాంబును ఖండించాలా వద్దా అన్న దగ్గర పార్టీలు తెచ్చిన చీలిక అది. పార్టీ రంగు వద్దన్న సుగినామి ఆడవాళ్ల ముందుచూపు ఎంత విలువైనదో ఆ చీలికే చెప్పింది.

అయినా హిదాంక్యో నిలబడింది. 2017 జులై 7న అణ్వాయుధాల నిషేధ ఒప్పందానికి ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు ఓటేశాయి. 2024 నోబెల్ శాంతి బహుమతి హిదాంక్యోకు దక్కింది. నాగసాకి బాంబు నాటికి 13 ఏళ్ల పిల్లవాడైన తెరుమి తనాకా, 92 ఏళ్ల వయసులో ఓస్లోలో నిలబడి ఆ బహుమతి ఉపన్యాసం ఇచ్చాడు.

మన తీరానికి వచ్చిన దారి

ఆ పడవ కబురు భారతదేశాన్ని కూడా కదిపింది. 1954 ఏప్రిల్ 2న ప్రధాని నెహ్రూ లోక్‌సభలో అణుపరీక్షలు ఎక్కడివక్కడ ఆపాలని కోరారు. ఆ కోరిక కోరిన దేశమే 1974లో, 1998లో పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపింది. 2009 జులై 26న విశాఖపట్నంలో అరిహంత్ అణు జలాంతర్గామి నీటిలోకి దిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేస్తే జనం ఇళ్లు వదిలి పల్లెలకు పరుగెత్తిన విశాఖ అది. బాంబుకు జడిసిన రేవులో ఇప్పుడు బాంబును మోసే నావ తయారవుతోంది.

రణస్థలం మండలం కొవ్వాడ కథ కూడా జపాన్‌తో ముడిపడినదే. 2009లో కేంద్రం ఈ చోటును అమెరికా కంపెనీల అణువిద్యుత్ కేంద్రానికి కేటాయించింది. ముందు వినబడిన పేరు జీఈ-హిటాచీ. తరువాత వెస్టింగ్‌హౌస్ వంతు వచ్చింది, ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు రియాక్టర్లతో. హిటాచీ జపాన్‌దే. వెస్టింగ్‌హౌస్ యజమాని అప్పట్లో జపాన్‌కు చెందిన తోషిబా. అందుకే 2016 నవంబరు 11న టోక్యోలో భారత్, జపాన్ చేసుకున్న అణు సహకార ఒప్పందం కొవ్వాడకు దగ్గరి సంగతి.

ఆ ఒప్పందాన్ని జపాన్‌లో గట్టిగా వ్యతిరేకించింది ఎవరు? హిరోషిమా, నాగసాకి బాధితులే. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరని దేశానికి అణు సామగ్రి ఇవ్వడమంటే తమ కష్టాన్ని తామే మరిచిపోవడం కాదా అని వాళ్లు అడిగారు. చర్చలు మొదలైన 2010లోనే నాగసాకి మేయర్ తన శాంతి ప్రకటనలో దాన్ని తప్పుపట్టాడు. మన కొవ్వాడ పేరు వాళ్లలో ఎందరికి తెలుసో గానీ, కొవ్వాడ మత్స్యకారులు ఇక్కడ వేసిన ప్రశ్నకు అక్కడ వాళ్లు గొంతు కలిపారు.

బాంబు వేరు, విద్యుత్ కేంద్రం వేరు. రెండూ ఒకటేనని జనాన్ని భయపెట్టడం న్యాయం కాదు. అయితే 2011 మార్చి 11న ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో సునామీ తరువాత ఏం జరిగిందో ప్రపంచం చూసింది. వేట ఆగిపోయి ముందుగా కుదేలైంది అక్కడి మత్స్యకారులే. కొవ్వాడ, రామచంద్రపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి, జీరుకొవ్వాడ జనం దీక్షల్లో కూర్చున్నది ఇది తెలిసే. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్.శర్మ విశాఖ నుంచి లేఖ మీద లేఖ రాసి ఈ కేంద్రం ఖర్చునూ భద్రతనూ ప్రశ్నించారు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా ప్రకటించింది. భూమి వదులుకోవలసిన ఊళ్ల మెడ మీద మాత్రం ఆ కత్తి అలాగే వేలాడుతోంది.

అడగవలసింది మనమే

సిక్కోలు గడ్డకు అడగడం తెలియనిది కాదు. 2010 జులై 14న థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దంటూ సోంపేట బీల (చిత్తడి) భూముల కోసం జనం ప్రాణాలొడ్డారు. మరుసటి ఏడాది కాకరాపల్లిలోనూ తుపాకులు పేలాయి. సోంపేట బీల ఈ రోజుకీ బీలగానే ఉంది.

దైగో ఫుకుర్యు మారు నేర్పిన పాఠం నాకు ఒక్కటే అనిపిస్తుంది. అణువు గురించిన నిర్ణయాలు రాజధానుల్లో జరుగుతాయి, వాటి బూడిద మొదట వేటగాడి మీద రాలుతుంది. కాబట్టి మొదటి ప్రశ్న కూడా వేటగాడి ఇంటి నుంచే రావాలి. తొమికో సుగవారాకు అణుశాస్త్రం తెలియదు. చేప ఎందుకు అమ్ముడుపోవడం లేదో తెలుసు. అది చాలింది. పండితుడు ఆమె వెనుక నడిచాడు, శాస్త్రజ్ఞులు లెక్కలు తెచ్చి ఇచ్చారు, ప్రభుత్వాలు చివరన కదిలాయి.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అది దాటితే విజయనగరం తీరం. నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మే మన ఆడవాళ్లు ఏ సుగినామి ఇల్లాలికీ తీసిపోరు. సముద్రంలోకి వేడినీళ్లు ఎన్ని వదులుతారు? ప్రమాదం జరిగితే ఎవరు ఎటు పోవాలి? వాడేసిన ఇంధనాన్ని ఎన్నాళ్లు ఎక్కడ దాస్తారు? ఈ సంగతులు అణువిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టకముందే, ఊరి మధ్యలో, తెలుగులో, రాతపూర్వకంగా చెప్పాలని వాళ్లు అడగాలి. అణ్వాయుధ నిషేధ ఒప్పందంలో భారత్ లేదు, జపాన్ కూడా లేదు. ఎందుకు లేదని రెండు దేశాల జనం కలిసి తమ ప్రభుత్వాలను అడగవచ్చు. కుబోయామా కోరిక తీరాలంటే ఎవరో మహానుభావుడు పుట్టుకు రావాలని ఎదురుచూడనక్కరలేదు. సంతకం పెట్టడం నేర్చిన ప్రతి మనిషీ దానికి అర్హుడే.